నిస్తోర్ లారీ దీపాలు

బ్రదేత్ ఊళ్ళో సందె పడేసరికి ఎవరి వాకిట్లో బకెట్లు వాళ్ళు లోపల పెట్టుకుంటారు. గొడ్డలి, చీపురు, పిల్లల చక్రాల బండి, దారికి అడ్డంగా ఏముంటే అది పక్కకి జరుపుతారు. గొర్రెలు ఇల్లు చేరి, పొయ్యి మీద మొక్కజొన్న సంకటి ఉడుకుతుండగా చేసుకునే పనుల్లో ఇదీ ఒకటి. అది నిస్తోర్ వచ్చే వేళ. బతికున్నన్నాళ్ళూ చీకట్లో కొండ మీద కుందేలు కదిలినా కనిపెట్టే మనిషి, చచ్చిపోయాక చూపు లేకుండా అయిపోయాడు. లారీతో సహా లోయలో పడి, చేతిలో కొవ్వొత్తి వెలిగించి పెట్టే దిక్కు లేక ప్రాణం విడిచాడు. కొవ్వొత్తి లేకుండా పోయినవాడికి అవతల అంతా చీకటే. దారి కనపడితే కదా వెళ్ళడానికి? అందుకని రోజూ గోడలు తడుముకుంటూ, కంచెలు పట్టుకుంటూ పై వీధి నుంచి తన ఇంటి దాకా వస్తాడు. కాసేపుండి వెళ్ళిపోతాడు.

మొదట్లో ఒకసారి పరస్కీవ ముసలమ్మ పాలచెంబు తన్నేశాడు. బతికున్నప్పుడు కళ్ళు నెత్తికెక్కి నడిచేవాడు, ఇప్పుడు అసలు కళ్ళే లేవని ఆవిడ వీధి వీధంతా వినపడేలా తిట్టింది. మర్నాటి నుంచి చెంబు అరుగు మీద పెట్టడం మొదలుపెట్టింది. తక్కినవాళ్ళూ అలవాటు పడ్డారు. దారిలో ఎదురైతే చల్లటి చేత్తో మొహం తడుముతాడు. నేను ఫలానా అని పేరు చెబితే చాలు, తప్పుకుని పోతాడు.

పేరు చెప్పలేనివాడు ఊరు మొత్తానికి ఒక్కడే. వంతెన పక్క షెడ్డులో లారీల కరెంటు పని చేసే పాంఫిల్. యాభై దాటాయి, పెళ్ళి కాలేదు, మనిషి మంచివాడే. ఒక సాయంత్రం ఆ చెయ్యి అతని నుదుటి మీద, ముక్కు మీద, గీసుకోని గడ్డం మీద తిరిగింది. పాంఫిల్ గోడకి అతుక్కుపోయి ఊపిరి బిగబట్టాడు. ఎవరో పోల్చుకోలేక నిస్తోర్ ముందుకి వెళ్ళిపోయాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒక గిన్నెలో తిన్నవాళ్ళు. ఆ తరవాత పాంఫిల్ సందె వేళకి ముందే షెడ్డు తలుపులు మూసుకుని లోపల కూర్చునేవాడు. చలికి మూసుకున్నాడనుకున్నారు జనం.

అంత భయమున్నవాడు ఆ నిస్తోర్ పెళ్ళాం సవేతా మీదే మనసు పడ్డాడు. పడాలని పడలేదు. ఆమె ఇంటి మీటరు బాగుచెయ్యడానికి వెళ్ళి, కప్పు టీ తాగి వచ్చాక అతనికి తన షెడ్డు మునపటి కంటే ఖాళీగా కనపడింది. ఎండాకాలం మొదట్లో ధైర్యం చేసి అడిగేశాడు. సవేతా కోప్పడలేదు, సిగ్గుపడలేదు. ఉతుకుతున్న దుప్పటి పిండుతూనే జవాబు చెప్పింది.

“ఆయన రోజూ గోడలు తడుముకుంటూ తిరుగుతుంటే నేను పెళ్ళికూతురినై కూర్చోనా? ముందు ఆయనకి వెలుగు చేరనియ్యి. అప్పుడడుగు.”

చేర్చడానికి ఆమె చెయ్యని పని లేదు. చనిపోయినవాడికి ఏదన్నా అందాలంటే దాన్ని బతికున్నవాడి చేతిలో పెట్టాలి. దుప్పటి ఇస్తే అక్కడ అతనికి దుప్పటి, చెంచా ఇస్తే చెంచా. పుచ్చుకున్నవాడు ‘దేవుడు క్షమించుగాక’ అనాలి, అప్పుడే చేరినట్టు. ఇంటివాళ్ళకిస్తే చెల్లదు, బయటివాళ్ళకే ఇవ్వాలి. అలా ఒక ఇంటి చావుదానం పుచ్చుకున్నవాడు ఇక ఆ ఇంటికి ఎప్పటికీ బయటివాడే. పిల్లనిచ్చుకోవడం, పుచ్చుకోవడం ఉండవు. సవేతా ఊరందరికీ కొవ్వొత్తులిచ్చింది, లాంతర్లిచ్చింది, టార్చిలైట్లు ఇచ్చింది. పాదిరిగారికి ఇత్తడి దీపపుకుందె ఇచ్చింది. పాంఫిల్‌కి మాత్రం ఏమీ ఇవ్వలేదు. అది అతను గమనించాడు, లోలోపల మురిశాడు కూడా. అయినా ఆ వెలుగుల్లో ఒక్కటీ నిస్తోర్‌కి చేరలేదు.

చివరికి పరస్కీవే తేల్చింది. ఆ మనిషి జన్మంతా దారి చూసింది లారీ దీపాల వెలుగులో కదా, మీ కొవ్వొత్తులు అతని కంటికి ఎక్కడ ఆనతాయి అంది. లోయలోంచి పైకి లాగిన లారీ ఇంటి పక్క కొట్టంలోనే, మూతి వీధి వైపుగా పడి ఉంది. దాని దీపాలు వెలిగించి దానమిస్తే సరి అని సవేతా తీర్మానించుకుంది. వెలిగించాల్సింది పాంఫిలే. ఊళ్ళో ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఆమె అడిగినప్పుడు అతను కాదనలేకపోయాడు. తల మాత్రం ఊపాడు.

అది పాత ప్రభుత్వం పోయినప్పుడు కలప కంపెనీ వదిలించుకున్న లారీ. వైరింగ్ కాలిపోతే నిస్తోర్ సొంతంగా మళ్ళీ వేసుకున్నాడు. అందుకు దొరికింది సైన్యం వాళ్ళ టెలిఫోను తీగ చుట్ట ఒకటి. ఇంజను నుంచి తోక దాకా అన్నీ ఒకే రంగు నల్ల తీగలు. ఏది హారనో, ఏది బ్రేకులైటో నిస్తోర్‌కి నోటికొచ్చు. వేరే ఎవడు చూసినా జడలు కట్టిన జుట్టులా ఉంటుంది.

పాంఫిల్ ముందుగా ఎక్కడ తొడుగు ఊడి రాగి బయటపడిందో వేళ్ళతో తడిమి చూశాడు. ఎలకలు కొరికినచోట టేపు చుట్టాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట ఒక బల్బు తగిలించి, అప్పుడు బ్యాటరీ కలిపాడు. ఏ తీగైనా ఇనుముకి తగులుతుంటే ఆ బల్బు భగ్గున వెలిగి చెప్పేస్తుంది. వెలగలేదు. ఇక టెస్టు ల్యాంపు తీశాడు. దాని క్లిప్పు లారీ ఇనుముకి పట్టించి, సూది ఒక్కొక్క తీగలో గుచ్చుకుంటూ పోవాలి. క్యాబిన్‌లో ఒకళ్ళు కూర్చుని స్విచ్చులు వెయ్యాలి. ఆ పని సవేతా చేసింది. కిందనుంచి అతను హారన్ అంటే హారన్, వైపరంటే వైపరు. ఏ తీగలో సూది గుచ్చినప్పుడు చేతిలో బల్బు వెలిగిందో అదే ఆ తీగ. దానికి గుర్తుగా ఆమె తన మగ్గం బుట్టలోంచి ఊలుదారం ఇచ్చింది. హారన్‌కి నీలం, వైపరుకి ఆకుపచ్చ, ఇండికేటర్లకి పసుపు. ఎర్ర ఊలు బ్రేకులైటుకి, తెల్లది ముందు దీపాలకి అని పక్కన పెట్టుకున్నారు.

ఆ రెండు రంగులూ బుట్టలోనే ఉండిపోయాయి. బ్రేకులైట్లు, వెనక దీపాలు, ముందు దీపాలు, వీటిలో దేనికీ కరెంటు రావడం లేదు. డాష్‌బోర్డు స్విచ్చు దాకా వస్తోంది, అక్కడినుంచి సీటు వైపు పోయి మాయమైపోతోంది.

ఎందుకు మాయమైపోతోందో పాంఫిల్‌కి తెలుసు. ఆ లోయలో లారీలున్న మగాళ్ళందరికీ తెలుసు. దొంగకలప కొండ మీంచి దింపుకునేటప్పుడు అడవి గార్డుల చెక్కగది ముందు నుంచి దీపాలన్నీ ఆర్పేసుకుని, ఇంజను ఆపి, వాలులో జారుకుంటూ పోతారు. బ్రేకు తొక్కినా వెనక ఎర్రలైటు వెలగకూడదు. అందుకని అన్ని దీపాలనీ ఒక్క దెబ్బతో చంపేసే స్విచ్చు ఒకటి డ్రైవరు సీటు కింద ఉంటుంది. గది దాటి మలుపు తిరగ్గానే మళ్ళీ వేసుకోవాలి. ఆడవాళ్ళకి చెప్పరు, చెబితే పెట్టించుకోనివ్వరు. ఆ స్విచ్చులన్నీ పెట్టినవాడు పాంఫిల్. నిస్తోర్‌కి పెట్టింది చావుకి కొద్ది రోజుల ముందు, గడ్డకట్టే చలిలో, వేళ్ళు కొంకర్లు పోతుంటే.

ఇన్నాళ్ళూ అతని లోపల తొలుస్తున్నది ఒకటే ప్రశ్న. మలుపు తిరిగాక నిస్తోర్ స్విచ్చు వెయ్యడం మర్చిపోయాడా, లేక వేసినా వెలగలేదా? మర్చిపోయి ఉంటే పాపం నిస్తోర్‌ది. వేసినా వెలగకపోతే పాపం తనది. లారీ దగ్గరికి వెళ్ళి సీటు కింద చూస్తే తెలిసిపోతుంది. తెలుసుకోవడం ఇష్టం లేకే అతను ఆ కొట్టం ఛాయలకి పోలేదు.

ఇప్పుడు పోక తప్పలేదు. పోయినా, పని తేల్చకుండా నానబెట్టాడు. ఇండికేటర్లు మళ్ళీ మళ్ళీ పరీక్షించాడు. బాగున్న హోల్డర్లు విప్పి తుడిచి మళ్ళీ బిగించాడు. రోజూ మధ్యాహ్నం సవేతా చేతి క్యాబేజీ చుట్టలు, గొర్రెపాల చీజు, ప్లమ్ పళ్ళ సారా ఒక గుక్క. ఊళ్ళో నవ్వుకున్నారు. సవేతా తమ్ముడు వలేర్ అయితే మొహం మీదే అనేశాడు.

“ఏం బావా, తీగలు వెతుకుతున్నావా, భోజనాలు వెతుకుతున్నావా? పెళ్ళయ్యాక కూడా వండి పెడుతుందిలే, తొందరగా కానియ్యి.”

ఆ ‘బావా’ అనే మాటకి పాంఫిల్ చెవులు ఎర్రబడ్డాయి. వలేర్ లారీలోనూ ఆ స్విచ్చుంది. అది పెట్టించుకున్న మర్నాడు వలేర్ అతనికి గొర్రెపిల్ల కాలు తెచ్చిచ్చాడు.

ఒకరోజు పాంఫిల్ దొంగదారి తొక్కాడు. బ్యాటరీ నుంచి ముందు దీపాలకి నేరుగా కొత్త తీగ లాగేశాడు. దీపాలు తెల్లగా, ఫెళ్ళున వెలిగాయి. వీధి చివర వరకూ రాయి రాయీ కనపడింది. సవేతా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. కాసేపటికి నిస్తోర్ వచ్చాడు. ఆ వెలుగులో నిలువునా తడిసిపోతూ, కళ్ళు విప్పార్చుకుని, కంచె పట్టుకుని తడుముకుంటూనే వచ్చాడు. దీపం ముందు నుంచే నడిచి వెళ్ళి, దాని అద్దం మీద చెయ్యి ఆనించి, ఇదేమిటా అన్నట్టు తడిమి, క్యాబిన్ ఎక్కాడు.

“ఆయన తీగలు కావు కదా,” అంది సవేతా. “ఆయనకెలా కనపడతాయి?”

పాంఫిల్ కొత్త తీగ పీకేశాడు. ఆమె గడ్డిమోపు మీద కూలబడింది. ఎప్పుడూ ఏడవని మనిషి తలగుడ్డ కొంగుతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి బయటపెట్టింది. చనిపోయిన రోజు పొద్దున్న నిస్తోర్ లారీ దీపాల అద్దాలు తుడిచిపెట్టమని అడిగాడట. ముందు రోజు బురద గడ్డకట్టి ఉందట వాటి మీద. వేణ్ణీళ్ళు కావాలి, పొయ్యి మీద బట్టలు మరుగుతున్నాయి, తరవాత చూద్దామని ఊరుకుందట. అద్దాలకి బురద లేకపోతే ఆయనకి ఆ మలుపు కనపడేదే, నా బద్ధకమే ఆయన్ని లోయలోకి తోసింది అంది.

పాంఫిల్ నోరు తెరిచాడు. కాదు, నీ వల్ల కాదు అనాలి. అంటే ఎవరి వల్లో చెప్పాలి. పక్కనే క్యాబిన్‌లోంచి టిక్, టిక్ మని చిన్న చప్పుడు వినిపిస్తోంది. నిస్తోర్ వచ్చి కూర్చున్న ప్రతి సాయంత్రం వినిపించే చప్పుడే. దూలంలో పురుగు కొరుకుతోందని సవేతా అనుకుంటుంది. ఆ చప్పుడు విన్న మొదటి రోజే పాంఫిల్ ప్రశ్నకి జవాబు దొరికింది. దొరికినా అతను నోరు మెదపలేదు. పురుగుకి మందు కొట్టిద్దాంలే అని మాత్రం అన్నాడు. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ పనిలో దిగారు. సవేతా క్యాబిన్‌లో పక్కసీట్లో కూర్చుని బ్రేకు మీదికి కాలు చాపింది. పాంఫిల్ లారీ కింద వెల్లకిలా పడుకుని సూది పట్టుకున్నాడు. వెలుతురు తగ్గుతోంది. పై వీధిలో బకెట్లు లోపలికి చేరుతున్న చప్పుడు వినపడింది. ఇవాళ్టికి చాలని లేవబోతుండగా కంచె కిర్రుమంది. గోడ మీద చేతులు రాసుకుంటూ వచ్చే ఆ చప్పుడు పాంఫిల్ తలాపున ఆగింది. లారీ ఒకవైపుకి కొద్దిగా వంగింది. పైన సవేతా నెమ్మదిగా, రా, జాగ్రత్త, నీ సీటు ఖాళీగానే ఉంది అంటోంది.

కాసేపటికి టిక్, టిక్ మొదలైంది.

దూలాలు కొట్టం కప్పుకి ఉంటాయి. చప్పుడు ఆమె మోకాలి పక్కనుంచి వస్తోంది. అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ వినలేదు. మొన్నటి దాకా నిస్తోర్ కూర్చున్నప్పుడు కొట్టంలోకి వచ్చేదే కాదు, వంటింట్లోంచే వినేది. నిన్న ఏడుపులో పట్టించుకోలేదు. పాంఫిల్ కింద పడుకుని, ఆమె వంగడం, ఆమె చెయ్యి సీటు కిందికి పోవడం, రేకు మీద గోళ్ళు గీసుకోవడం అన్నీ విన్నాడు. తరవాత గోళ్ళ చప్పుడు ఆగింది. నిస్తోర్ చల్లటి చేతి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది కాబోలు.

“పాంఫిల్, ఇక్కడేదో స్విచ్చుంది.”

పాంఫిల్ సూది కింద పెట్టాడు.

“ఆయన దీన్ని వేస్తున్నాడు. వేస్తున్నాడు, ఆర్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. ఇన్నేళ్ళూ వినపడింది ఇదేనా? ఇదేం స్విచ్చు?”

పాంఫిల్ పాక్కుంటూ బయటికొచ్చాడు. చొక్కా నిండా గడ్డి, చేతుల నిండా మసి. లేచి లారీ మెట్టు పట్టుకున్నాడు.

“నేను పెట్టిందే,” అన్నాడు.

మిగిలింది ఆమె అడగకుండానే చెప్పాడు. గార్డుల గది, చీకట్లో వాలు, మలుపు తిరిగాక మళ్ళీ వెయ్యడం. ఆ రోజు వేళ్ళు కొంకర్లు పోయి టంకం పెట్టకుండా చేత్తో మెలేసి టేపు చుట్టేసిన సంగతి. వచ్చేవారం వచ్చి టంకం పెడతానని నిస్తోర్‌తో అన్న మాట. అన్నీ చెప్పేశాక అతనికి తేలికగా ఏమీ అనిపించలేదు. ఆమె మొహం చూడటం ఇంకా కష్టమైంది.

“అయితే ఆయన మర్చిపోలేదు,” అంది సవేతా. “వేశాడు.”

“వేశాడు. ఇప్పుడూ వేస్తూనే ఉన్నాడు.”

“అద్దాల మీద బురద…”

“బురదకీ దానికీ సంబంధం లేదు సవేతా. వెలగని దీపానికి అద్దం శుభ్రంగా ఉంటే ఎంత, లేకపోతే ఎంత.”

“నిన్న నేను ఏడుస్తుంటే పక్కనే నిలబడ్డావు.”

“నిలబడ్డాను.”

ఆమె సీట్లో పక్కకి జరిగి, అతను పని చేసుకోవడానికి చోటిచ్చింది.

సీటు కింద రేకు విప్పేసరికి అంతా కనపడింది. తన చేతి మెలికే. టేపు జారిపోయి ఉంది, రెండు కొసలూ విడిపోయి, వేలెడు దూరంలో ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. పాంఫిల్ రెండు కొసల్నీ గీకి రాగి మెరిసేదాకా తుడిచాడు. కొత్త తీగ ముక్క కలపకుండా, ఉన్న తీగనే లాగి, మెలేసి, టంకం పెట్టాడు. ఈసారి పని సరిగ్గానే అయింది. అతను పని చేస్తున్నంతసేపూ నిస్తోర్ మోకాలు అతని భుజానికి తగులుతూనే ఉంది. చలి ఎముకల దాకా పాకింది. సవేతా బుట్టలోంచి ఎర్ర ఊలు, తెల్ల ఊలు తెచ్చి ఆ తీగకి రెండూ కట్టింది.

టిక్ మంది.

దీపాలు వెలిగాయి. కొత్త తీగతో వెలిగినంత తెల్లగా కాదు, పసుపుపచ్చటి, కాస్త మసక వెలుగు. ఒకప్పుడు వర్షంలో, మంచులో ఆ లారీ ఇంటికొస్తుంటే సవేతా కిటికీలోంచి గుర్తుపట్టే వెలుగు అది. స్విచ్చు మీద నిస్తోర్ చెయ్యి ఆగిపోయింది. అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడ చూశాడు, గేటు చూశాడు. పక్కకి తిరిగి సవేతాని చూశాడు. చాలాసేపు చూశాడు. తుడుచుకోవడం కూడా మర్చిపోయి, కన్నీళ్ళు కారుతున్న మొహంతో ఆమె అలాగే కూర్చుంది.

తరవాత కిందికి దిగాడు. దేన్నీ పట్టుకోకుండా దిగాడు. డ్రైవర్ల అలవాటు పోతుందా, బండి చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు తన్ని చూశాడు. దీపాల ముందుకొచ్చేసరికి పాంఫిల్ అక్కడ నిలబడి ఉన్నాడు. తప్పుకోవాలని అతనికి తోచలేదు. ఇన్నేళ్ళు ఆ గుడ్డికళ్ళ చాటున దాక్కున్న మనిషి, ఆ వెలుగులో పూర్తిగా కనపడిపోయాడు. తిడతాడనుకున్నాడు, గొంతు పట్టుకుంటాడనుకున్నాడు. క్షమిస్తాడేమోనని కూడా లోపలెక్కడో ఆశపడ్డాడు. నిస్తోర్ అతన్ని గుర్తుపట్టాడు. కళ్ళలో ఆ గుర్తింపు స్పష్టంగా కనపడింది. అంతే. పొద్దుపోయి ఇంటికెళ్ళే మనిషిలా భుజం రాసుకుంటూ దాటిపోయి, గేటు తీసుకుని వీధిలోకి నడిచాడు.

చేతులూపుకుంటూ నడిచాడు. కంచె పట్టుకోలేదు. పరస్కీవ అరుగు దాటి, బావి దాటి, కొండ మలుపు దగ్గరికి వెళ్ళేసరికి దీపాల వెలుగు తగ్గడం మొదలైంది. బ్యాటరీ పాతది, ఎంతోసేపు లాగదు. వెలుగు ఎర్రబడుతున్న కొద్దీ అతని నడక నెమ్మదించింది. మలుపుకి ఇవతల ఆగి, రెండు చేతులూ ముందుకి చాపాడు.

సవేతా లారీ తాళంచెవి పీకి పట్టుకుని గబగబా దిగింది. దానం ఇప్పుడే ఇచ్చేయాలి, దీపం ఆరిపోయేలోపు. పుచ్చుకునేవాళ్ళుంటే ఆ వెలుగు ఇక నిస్తోర్‌దే, ఇక్కడ బ్యాటరీ చచ్చినా అక్కడ ఆరదు. పాంఫిల్ పరస్కీవ ఇంటి వైపు చూశాడు. ముసలమ్మ వంటింట్లో బల్బు వెలుగుతోంది, కేక వేస్తే వినపడే దూరం. సవేతా కూడా అటు చూసింది. చూసి, మొహం ఇటు తిప్పుకుంది. తాళంచెవి ఉన్న చెయ్యి అతని ముందుకి చాపింది.

“ఇది నిస్తోర్ ఆత్మకి.”

“ముసలమ్మని పిలుస్తాను,” అన్నాడు పాంఫిల్. “ఒక్క నిమిషం. పరిగెత్తుకెళ్ళి తీసుకొస్తా.”

“ఆవిడకిస్తే మా తమ్ముడు వలేర్ వారంలో కొనేస్తాడు. ఈ దీపాలు ఆర్పుకుని మళ్ళీ అదే వాలులో జారతాడు. నువ్వైతే ఈ స్విచ్చు ముట్టనివ్వవు.”

“నా మీద కోపంతో ఇస్తున్నావా?”

“కోపం ఉంది. చచ్చేదాకా ఉంటుందేమో కూడా. కానీ ఈ వెలుగు ఆరకుండా చూస్తావని నమ్మేది కూడా నిన్నే.” ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. “పుచ్చుకుంటావా, లేదా?”

పుచ్చుకోకపోతే ఏమవుతుందో పాంఫిల్ ఆలోచించాడు. కోపం మెల్లగా తగ్గుతుంది. ఏడాదికో రెండేళ్ళకో తగ్గకపోదు. ఈ ఇంటి గుమ్మం అతనికి తెరిచే ఉంటుంది, పక్కన ఆమె ఉంటుంది. రోజూ సందె వేళ ఇద్దరూ కలిసి వాకిట్లో బకెట్లు లోపల పెట్టుకుంటారు. ఆ చెయ్యి గోడ మీద రాసుకుంటూ వస్తుంది. దీపాలు నిప్పుకణికల్లా మిగిలాయి. మలుపు దగ్గర నిస్తోర్ మళ్ళీ కంచె కోసం వెతుక్కుంటున్నాడు.

పాంఫిల్ మసి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని చాపాడు. తాళంచెవి అరచేతిలో పడింది, ఇంకా ఆమె చేతి వేడితో ఉంది. దాని మీద వేళ్ళు మూసుకుని, అనాల్సిన మాట అన్నాడు.

“దేవుడు క్షమించుగాక.”

కొట్టంలో దీపాలు ఆరిపోయాయి. కొండ మలుపు దగ్గర మాత్రం పచ్చటి వెలుగు అలాగే నిలబడి, మెల్లగా కదిలి, మలుపు తిరిగి వెళ్ళింది. చాలాసేపు చెట్ల మధ్య కనపడుతూ పైకి పోయింది. కనపడకుండా పోయేదాకా ఇద్దరూ చూశారు.

“బండి రేపొచ్చి తీసుకెళ్ళండి, పాంఫిల్ గారూ,” అంది సవేతా.

“అలాగేనండి,” అన్నాడు పాంఫిల్.